భాష మారిన ఆట

ఒక భాషలోని కథను మరొక భాషలోకి తేవడం తెలుగువారికి కొత్త విద్య కాదు. మహాభారతాన్ని తెనిగించిన నన్నయ మూలంలోని ప్రతి శ్లోకానికీ ఒక పద్యం చొప్పున లెక్క కట్టలేదు. కొన్నిచోట్ల కుదించాడు, కొన్నిచోట్ల పెంచాడు, వినేవారి మనసెరిగి కథ నడిపాడు. అనువాదం ఎక్కడైనా పట్టు తప్పితే పాఠకునికి రసభంగం కలుగుతుందే తప్ప కథ ఆగిపోదు. పుట తిప్పితే తరువాతి ఘట్టం సిద్ధంగా ఉంటుంది. వీడియో గేమ్ విషయంలో ఈ వెసులుబాటు లేదు. అక్కడ మాట దారి చూపే గుర్తు. ఆ గుర్తు తప్పుగా ఉంటే ఆటగాడు మూసిన తలుపు ముందు నిలబడిపోతాడు. జపాన్‌లో పుట్టి సముద్రాలు దాటిన ‘ద లెజెండ్ ఆఫ్ జెల్డా’ అనే ఆట చరిత్రలో ఈ విషయం స్పష్టంగా కనిపిస్తుంది.

ఈ ఆటను తయారు చేసిన నింటెండో సంస్థ 1889లో క్యోటో నగరంలో పేకముక్కల తయారీతో ఆరంభమైంది. దాదాపు ఒక శతాబ్దం తరువాత, 1983 జూలై 15న, టెలివిజన్‌కు తగిలించి ఆడుకొనే ‘ఫ్యామికామ్’ అనే యంత్రాన్ని జపాన్‌లో విడుదల చేసింది. 1990ల దశకంలో మన పట్టణాలలో ‘టీవీ గేమ్’ అనే పేరుతో అమ్మిన చవక యంత్రాలలో అనేకం ఈ ఫ్యామికామ్‌కు నకళ్ళే. ఈ యంత్రం కోసం షిగెరు మియమోతో, తకాషి తెజుకా రూపొందించిన జెల్డా ఆట 1986 ఫిబ్రవరి 21న జపాన్‌లో వెలువడింది. దానికి సంగీతం సమకూర్చినవాడు కోజి కొండో. మియమోతో బాల్యం క్యోటో సమీపంలోని సొనోబే అనే గ్రామీణ ప్రాంతంలో గడిచింది. అక్కడి కొండలలో, అడవులలో ఒంటరిగా తిరుగుతూ ఒక గుహను కనుగొని, లాంతరు పట్టుకొని లోపలికి వెళ్ళిన అనుభవమే ఈ ఆటకు బీజమని ఆయన అనేక సందర్భాలలో చెప్పాడు.

కథ సరళమైనది. హైరూల్ అనే రాజ్యంపై గానన్ అనే దుష్టుడు దండెత్తి, మహత్తుగల ఒక స్వర్ణ త్రికోణాన్ని అపహరిస్తాడు. రెండవ త్రికోణం అతని చేత చిక్కకుండా రాకుమారి జెల్డా దానిని ఎనిమిది ముక్కలు చేసి దాచి, తాను బందీ అవుతుంది. లింక్ అనే బాలుడు ఆ ముక్కలను వెదకి తెచ్చి, గానన్‌ను వధించి, ఆమెను విడిపించాలి. తెలుగు జానపద చిత్రాలు చూసి పెరిగినవారికి ఇందులో అపరిచితమైనది ఏమీ లేదు. మాంత్రికుడు, బందీ అయిన రాకుమారి, ఏడు సముద్రాల అవతల దాచిన రహస్యం అన్నీ తెలిసినవే. కొత్తదనం కథలో లేదు, కథ నడిచే తీరులో ఉంది. ఆట ఆరంభం కాగానే బాలుడు చేతిలో కత్తి అయినా లేకుండా ఒక మైదానంలో నిలబడి ఉంటాడు. ఎటు పోవాలో ఎవరూ చెప్పరు. తయారీ దశలో కొందరు ఈ తీరుకు తికమకపడగా, మియమోతో దారి సులభం చేయడానికి బదులు మొదట ఇచ్చిన కత్తిని కూడా తీసివేశాడు. ఆటగాళ్ళు ఆలోచించాలని, ఒకరినొకరు అడిగి తెలుసుకోవాలని ఆయన ఉద్దేశం.

కనుక గుహలలో కూర్చున్న వృద్ధులు పలికే పొడిమాటలే ఆటగానికి ఆధారం. అవి పొడుపుకథల వంటివి. వాటిని విప్పితేనే మరుగుపడిన మెట్లు బయటపడతాయి. అనువాదకుని బాధ్యత ఇక్కడే బరువెక్కుతుంది. పొడుపుకథ సహజంగానే అస్పష్టంగా ఉంటుంది. తప్పుడు అనువాదమూ అస్పష్టంగానే ఉంటుంది. ఈ రెండింటికీ భేదం ఆటగానికి ఎలా తెలుస్తుంది? అర్థం కాని వాక్యం ఎదురైనప్పుడు అతడు అనువాదకుణ్ణి అనుమానించడు, తన తెలివినే అనుమానిస్తాడు.

ఆట అమెరికాకు వెళ్ళే ముందే, భాషతో సంబంధం లేని ఒక మార్పు జరిగింది. జపాన్‌లో ఈ ఆట ఫ్యామికామ్‌కు అనుబంధంగా అదే రోజు విడుదలైన డిస్క్ పరికరం కోసం తయారైంది. ఆ డిస్కులో సుమారు 112 కిలోబైట్ల సమాచారం పట్టేది, ఆటగాడు ఎంతవరకు ఆడాడో అందులోనే వ్రాసి ఉంచుకొనే వీలుండేది. ఆ డిస్క్ పరికరాన్ని నింటెండో జపాన్ వెలుపల ఎన్నడూ విడుదల చేయలేదు. అందువల్ల 1987లో అమెరికాకు వచ్చిన ఆటను 128 కిలోబైట్ల కార్ట్రిడ్జ్‌లోకి మార్చి, ఆడిన వివరాలు చెరిగిపోకుండా లోపల చిన్న బ్యాటరీని అమర్చారు. ఆ కార్ట్రిడ్జ్‌కు బంగారు రంగు వేసి, పెట్టెకు చిన్న కిటికీ పెట్టి, ఆ మెరుపు అంగడిలోనే కనబడేటట్లు చేశారు. డిస్క్ పరికరంలో అదనంగా ఉన్న ఒక ధ్వనిమార్గం అమెరికా యంత్రంలో లేదు. కాబట్టి సంగీతంలోనూ, రాక్షసుల గర్జనలలోనూ కొంత తేడా వచ్చింది. ఇవన్నీ సాంకేతిక నిపుణులు తీర్చగలిగిన చిక్కులు. ఒక చిక్కు మాత్రం మాటలలో దాగి, ఎవరి కంటా పడకుండా ఓడ ఎక్కింది.

ఆటలో ‘పోల్స్ వాయిస్’ అనే ఒక భూతం ఉన్నది. పెద్ద చెవులతో, గంతులు వేస్తూ మీదికి వస్తుంది. కత్తితో చంపాలంటే ఎన్నో దెబ్బలు కొట్టాలి. జపాన్ యంత్రానికి ఉన్న రెండు కంట్రోలర్లలో రెండవదానికి చిన్న మైకు ఉండేది. ఆటగాడు ఆ మైకులోకి గట్టిగా అరిస్తే చాలు, గదిలోని ఆ భూతాలన్నీ చచ్చిపోయేవి. టెలివిజన్ ముందు కూర్చున్న పిల్లవాని నిజమైన గొంతు తెర లోపలి భూతానికి వినబడడం ఆ రోజులలో ఎంతటి వింతగా తోచి ఉంటుందో ఊహించవచ్చు. జపాన్ పుస్తకంలో ‘ఈ భూతానికి పెద్ద చప్పుడు గిట్టదు’ అన్న భావంతో ఇచ్చిన సూచన ఈ కిటుకునే తెలుపుతున్నది.

అమెరికాలో అమ్మిన యంత్రపు కంట్రోలర్లకు మైకు లేదు. కాబట్టి ఆ భూతం ఒక్క బాణపు దెబ్బకే చచ్చేటట్లు ఆటను మార్చారు. ఆటను మార్చినవారు పుస్తకాన్ని మార్చలేదు. ఆంగ్ల పుస్తకంలో కూడా ఆ భూతానికి పెద్ద చప్పుడంటే గిట్టదనే ఉన్నది, బాణం ఊసు ఆ వర్ణనలో లేదు. ఆటలో లింక్‌కు ఒక పిల్లనగ్రోవి దొరుకుతుంది. పైగా ‘డిగ్‌డాగర్’ అనే మరొక రాక్షసునికి ఒక రకమైన ధ్వని గిట్టదని ఒక వృద్ధుడు చెబుతాడు, అక్కడ పిల్లనగ్రోవి నిజంగానే పనిచేస్తుంది. ఇంత చదివిన పిల్లవాడు చెవుల భూతం ముందు కూడా పిల్లనగ్రోవి ఊదడం అత్యంత సహజం. ఎంత ఊదినా ఫలితం శూన్యం. ఈ అనువాదంలో వ్యాకరణదోషం లేదు, పదానికి పదం సరిపోయింది. కాని ఆ వాక్యం దేనిని సూచించేదో ఆ వస్తువే ఆ దేశంలో లేదు. మూలానికి విధేయంగా ఉన్నందువల్లనే అది అబద్ధమైంది. పొరపాటు అనువాదాల జాబితాలలో సాధారణంగా నవ్వు పుట్టించే వాక్యాలకే చోటు దక్కుతుంది. నిజానికి వాటికంటె ఎక్కువగా తలచుకోవలసింది ఇటువంటి నిర్దోషమైన వాక్యాన్ని.

నవ్వు పుట్టించే వాక్యాలకూ ఈ ఆటలో కొదవ లేదు. తూర్పు చివరన ఉన్న ద్వీపకల్పంలో రహస్యం ఉన్నదని చెప్పవలసిన చోట, ఆ ద్వీపకల్పమే రహస్యమన్నట్లు ఆంగ్లవాక్యం తయారైంది. తెలుగులో ‘లో’ అనే ఒక్క విభక్తి ప్రత్యయం జారిపోతే ఏమవుతుందో అక్కడా అదే అయింది. మేలైన కత్తి ఇవ్వగల వృద్ధుడు ‘దానిని వాడడంలో ఆరితేరు, దీనిని నీవు పొందవచ్చు’ అన్న అర్థంలో ఒక మాట అంటాడు. ‘అది’ ఏదో, ‘ఇది’ ఏదో తెలియదు. ఆరితేరడమంటే ఏమిటో అసలే తెలియదు. వాస్తవంలో వృద్ధుడు చూసేది నైపుణ్యాన్ని కాదు, లింక్ సంపాదించుకొన్న ప్రాణశక్తిని. అతని ఖాతాలో ఐదు హృదయాలు చేరితే తెల్లకత్తి, పన్నెండు చేరితే మంత్రఖడ్గం లభిస్తాయి. ప్రారంభంలో తెరపై జరిగే కథాకథనంలో సైతం ఆంగ్లం తడబడుతూ, ప్రతినాయకుని పేరులో ఒక నకారం అదనంగా చేరి ఉంటుంది.

ఈ తప్పులకు అనువాదకుని అజ్ఞానమే కారణమని తీర్పు చెప్పడం తొందరపాటు. ఆ నాటి తెరపై అక్షరానికి దక్కిన చోటు ఎనిమిది చుక్కల పొడవు, ఎనిమిది చుక్కల వెడల్పు గల చిన్న గడి. మూలంలోని సంభాషణ అంతా కతకానా లిపిలో ఉండేది. తెలుగులో వలెనే ఆ లిపిలో ఒక్కొక్క గుర్తు సాధారణంగా ఒక అచ్చునో, హల్లుతో కూడిన అచ్చునో తెలుపుతుంది. ‘కతనా’ అన్న మాటకు జపాన్ భాషలో మూడు గడులు చాలు. అదే మాటను ఆంగ్లలిపిలో వ్రాస్తే ఆరు గడులు కావాలి. చెప్పవలసిన మాట అంతే, చోటు మాత్రం పెరగదు. పరభాషా చలనచిత్రాలకు తెలుగు మాటలు వ్రాసేవారు నటుల పెదవుల కదలికకు లోబడవలసి వచ్చినట్లే, ఆట అనువాదకుడు గడుల సంఖ్యకు లోబడాలి. ఇంత శ్రమపడిన ఆ వ్యక్తి ఎవరో ఆట చివర వచ్చే పేర్ల పట్టికలో కనబడదు. మియమోతో మొదలైనవారు అందులో మారుపేర్లతోనైనా ఉన్నారు. అనువాదకునికి ఆ మారుపేరు కూడా దక్కలేదు.

చోటు చాలక పోయిన వాటిలో ఒక సున్నితమైన వస్తువు ఉన్నది, అది మర్యాద. మొదటి గుహలో వృద్ధుడు లింక్‌కు కొయ్యకత్తి ఇస్తూ రెండు ముక్కలు పలుకుతాడు. ఒంటరిగా వెళ్ళడం ప్రమాదమనీ, దీనిని ప్రసాదిస్తున్నాననీ వాటి భావం. మూలంలో మొదటి వాక్యం ముసలివారి పలుకుబడికి చెందిన ‘జా’ అనే క్రియతో ముగుస్తుంది. రెండవ వాక్యంలోని క్రియ పెద్దవాడు చిన్నవానికి, గురువు శిష్యునికి అనుగ్రహపూర్వకంగా ఇవ్వడాన్ని తెలుపుతుంది. ఆంగ్లంలో అది ‘ఇది తీసుకో’ అన్న పొడి ఆజ్ఞగా మారింది. తెలుగులో అయితే ‘నాయనా’ అన్న ఒక్క సంబోధనతో ఆ వృద్ధుని వయస్సు, వాత్సల్యం, అధికారం మూడూ ధ్వనించేవి. ఆంగ్లానికి అటువంటి సాధనం అందుబాటులో లేదు. అయినా ఆ పొడి ఆజ్ఞలో ఒక విచిత్రమైన బిగువు కుదిరింది. ఆంగ్లం మాట్లాడే ఆటగాళ్ళలో ఆ వాక్యం సామెత వలె వ్యాపించిపోయింది.

భారతీయులకు ఆసక్తి కలిగించే మరొక పదం ఈ ఆటలో ఉన్నది. హైరూల్ రాజ్యంలో చెలామణి అయ్యే ధనం పేరు ‘రుపీ’. కతకానాలో ఆ పేరును మన రూపాయిని వ్రాసినట్లే వ్రాస్తారు. ముద్ర వేసిన వెండి అనే అర్థంగల ‘రూప్య’ అన్న సంస్కృతపదం నుండి రూపాయి ఏర్పడింది. ఆటలోని రుపీ మాత్రం నాణెం కాదు, ఆరు మూలల రత్నం. మొదటి ఆంగ్లకూర్పులో దీని వర్ణక్రమం రూపాయికి వాడే ఆంగ్ల వర్ణక్రమానికి భిన్నంగా ఉండేది. కెంపుకు గల ఆంగ్లనామానికి అది దగ్గరగా వినబడడం వల్ల కొందరు ఆటగాళ్ళు అదే పేరుతో పిలిచారు. తరువాతి ఆటలలో రూపాయి వర్ణక్రమమే స్థిరపడింది.

ఇంతవరకు చూసిన మార్పులు యంత్రం వల్ల, చోటు వల్ల కలిగినవి. నింటెండో అమెరికా శాఖ ఆలోచించి చేసిన మార్పులు వేరే ఉన్నాయి. 1983లో అమెరికాలో వీడియో గేమ్‌ల వ్యాపారం కుప్పకూలింది. ఆ శిథిలాల మీద కొత్తగా కొట్టు తెరిచిన నింటెండోకు తల్లిదండ్రుల విశ్వాసం ప్రాణావసరం. మత సంబంధమైన చిహ్నాలూ, మాటలూ ఎవరి మనసైనా నొప్పించవచ్చునన్న శంకతో ఆ శాఖ వాటిని తొలగించే నియమం పెట్టుకొన్నది. మొదటి జెల్డా ఆటలో శిలువ గుర్తుగల ఒక గ్రంథం ఉన్నది. మూలంలో దాని పేరు బైబిల్, ఆంగ్లంలో మంత్రగ్రంథం. పేరు మార్చారు గాని బొమ్మ మీది శిలువ అలాగే నిలిచిపోయింది. నింటెండో యంత్రాలకు ఇతర సంస్థలు తయారు చేసిన ఆటలకూ ఇదే నియమం. 1991లో అమెరికాకు వచ్చిన ఒక ‘ఫైనల్ ఫాంటసీ’ ఆటలో ‘పవిత్రం’ అనే మంత్రం ‘తెలుపు’గా మారింది.

ఈ నియమం లోతుగా తాకిన ఆట 1991 నవంబరు 21న జపాన్‌లోనూ, 1992 ఏప్రిల్‌లో అమెరికాలోనూ వెలువడిన మూడవ జెల్డా ఆట. మూలంలో దాని పేరుకు ‘దేవతల స్వర్ణ త్రికోణం’ అని అర్థం. ‘దేవతలు’ అన్న మాట శీర్షికలో ఉండరాదు కనుక ఆంగ్లంలో ‘ఎ లింక్ టు ద పాస్ట్’ అని పేరు పెట్టారు. దీనిని శ్లేష అనవచ్చు. లింక్ అన్నది కథానాయకుని పేరు, లంకె అనే అర్థంగల సామాన్య నామం కూడా. ఈ కథ మొదటి ఆటకు పూర్వం జరిగినది కనుక ‘గతంతో ఒక లంకె’ అనీ, ‘గతకాలపు లింక్’ అనీ రెండు విధాల స్ఫురిస్తుంది. నిర్బంధంలో పుట్టినా చక్కని పేరే. అవధానంలో నిషిద్ధాక్షరి ఎరిగినవారికి ఇది వింతగా తోచదు. అడ్డు వచ్చిన చోటనే పద్యం ఒక్కొక్కసారి కొత్త మలుపు తిరుగుతుంది.

కాని ప్రతి మార్పూ ఇలా కలిసిరాలేదు. ఈ కథలో రాజ్యానికి విపత్తులు వచ్చినప్పుడు అగానిమ్ అనే అపరిచితుడు ప్రవేశించి, తన శక్తితో వాటిని అణచి, రాజు నమ్మకాన్ని చూరగొంటాడు. తరువాత ఆ రాజునే తొలగించి, ఋషుల వంశంలోని కన్యలను ఒకరి తరువాత ఒకరిని మాయం చేస్తాడు. మూలంలో అతడు పురోహితుడు, ఆంగ్లంలో మాంత్రికుడు. పైకి చూస్తే ఇది వృత్తి పేరు మార్చడమే. కాని పురోహితుణ్ణి ప్రజలు నమ్మడం సహజం, అతడు ద్రోహి అని తేలడం దిగ్భ్రాంతి కలిగిస్తుంది. మాంత్రికుడు అనగానే వినేవానికి మొదటి నుండే అనుమానం మొదలవుతుంది. సన్న్యాసి వేషంలో వచ్చిన రావణుణ్ణి రాక్షసరూపంలోనే భిక్షకు పంపితే సీత గీత దాటుతుందా? ఒక్క పదం మారడంతో విశ్వాసఘాతం అనే అంశం కథలో సగం బలం కోల్పోయింది. అదే విధంగా రాకుమారి తలదాచుకొన్న చర్చి ‘శరణాలయం’గా, అక్కడి మతగురువు ‘విశ్వాసపాత్రుడైన ఋషి’గా మారారు. శిలాఫలకాల మీది ప్రాచీన లిపి మూలంలో ఈజిప్టు చిత్రలిపిని పోలి ఉండేది. ఆ గుర్తులకు మతార్థం ఉన్నదని తలచి, వాటి స్థానంలో ఏ అర్థమూ లేని కొత్త గుర్తులు గీశారు.

విచిత్రమేమంటే, ఇంత జాగ్రత్తపడిన ఆంగ్లకూర్పుతో పాటు ఇచ్చిన పుస్తకంలో సృష్టికథ మాత్రం చెక్కుచెదరలేదు. శక్తి, జ్ఞానం, ధైర్యం అనే మూడింటికి అధిదేవతలు దిగివచ్చి భూమిని, క్రమాన్ని, ప్రాణులను సృజించారని అందులో స్పష్టంగా ఉన్నది. శీర్షిక నుండి వెళ్ళగొట్టిన దేవతలు పుస్తకపు పుటలలో నిశ్చింతగా కూర్చున్నారు. నియమాలు వ్రాసేవారు ఒకరు, అమలు చేసేవారు మరొకరు అయినప్పుడు ఇటువంటివి జరుగుతూనే ఉంటాయి. అన్నట్లు ఈ కూర్పుకు ఆంగ్ల సంభాషణలు సమకూర్చిన డేనియల్ ఓసెన్, హిరోయుకి యమాదా పేర్లు ఆట చివరి పట్టికలో చోటు చేసుకొన్నాయి. అయిదేళ్ళలో వచ్చిన మార్పు ఇది.

1994లో అమెరికాలో ఆటలకు వయస్సును బట్టి శ్రేణులు నిర్ణయించే ప్రత్యేక సంస్థ ఏర్పడిన తరువాత, నింటెండో తన నియమాలను క్రమంగా సడలించింది. 1998లో వెలువడిన ‘ఒకరీనా ఆఫ్ టైమ్’ అనే జెల్డా ఆటలో ముగ్గురు దేవతల సృష్టికథను ఆంగ్లంలో కూడా తెరపైనే దాపరికం లేకుండా చెప్పారు. మొట్టమొదటి ఆటను 2003లో మరొక యంత్రం కోసం తిరిగి ముద్రించినప్పుడు ప్రారంభ కథాకథనాన్ని కొత్తగా వ్రాసి, ప్రతినాయకుని పేరులోని అదనపు నకారాన్ని తీసివేశారు. మొదటి గుహలో వృద్ధుడు కత్తి ఇస్తూ పలికే ఆ రెండు పొడిమాటల జోలికి మాత్రం ఎవరూ పోలేదు.